పరిశోధకుడి పేరు పక్కన ఉండే అంకెలు

ఉన్నత చదువులకు సాయం కోరుతూ మన ప్రాంతపు సేవా సంఘాలకు వచ్చే దరఖాస్తులు మునుపటిలా లేవు. ఒకప్పుడు పదో తరగతి మార్కులు, ఇంటర్ మార్కులు, తండ్రి ఆదాయ ధ్రువపత్రం, మసీదు కమిటీ పెద్దల లేఖ ఉంటే సరిపోయేది. ఇప్పుడు మదనపల్లెలోనో పుంగనూరులోనో కుప్పంలోనో డిగ్రీ పూర్తిచేసి, తిరుపతికో బెంగళూరుకో హైదరాబాదుకో పరిశోధనకు వెళ్లిన పిల్లలు దరఖాస్తు చివర ఇంకో వరుస చేరుస్తున్నారు: ప్రచురణలు ఇన్ని, సైటేషన్లు ఇన్ని, హెచ్-ఇండెక్స్ ఇంత, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఇంత. టమోటా మండీ నడిపే దాతకు, బట్టల దుకాణం ఉన్న దాతకు, గల్ఫ్ నుంచి డబ్బు పంపే దాతకు ఆ వరుస కొరుకుడు పడదు. పెద్ద అంకె ఉంటే పెద్ద చదువేమో అనుకుంటారు. అంకె లేకపోతే పిల్లవాడిలో సత్తా లేదేమో అనుకుంటారు. ఈ రెండు అభిప్రాయాలూ పొరపాటు దారి పట్టించేవే. ఇచ్చే డబ్బు దాతల కష్టార్జితం, పుచ్చుకునే వారి వయసు ఇరవై నాలుగో ఇరవై అయిదో. అందుకని ఈ అంకెలేమిటో తెలుసుకోవడం ఇరువైపులా మంచిది.

మన పిల్లల్లో ఎక్కువమంది జంతుశాస్త్రం, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ వైపు వెళుతున్నారు కనుక జీవకణ శాస్త్రాన్నే ఉదాహరణగా తీసుకుంటాను. ఒక కణం తన శక్తిని ఎక్కడినుంచి తెచ్చుకుంటుంది, ఎప్పుడు చీలుతుంది, ఎందుకు అదుపు తప్పి క్యాన్సరుగా మారుతుంది అన్నవి ఈ శాస్త్రపు ప్రశ్నలు. హైదరాబాదులో తార్నాక దాటి ఉప్పల్ వైపు వెళ్లేటప్పుడు కనిపించే సీసీఎంబీ సంస్థ ఈ పని కోసమే 1977లో మొదలైంది. పుష్ప మిత్ర భార్గవ దానికి వ్యవస్థాపక సంచాలకులు. కుప్పం నుంచి రైలెక్కితే వచ్చే బెంగళూరులో ఎన్‌సీబీఎస్ అనే మరో కేంద్రం ఉంది. దాన్ని నిలబెట్టినవారు ఉత్తరప్రదేశ్‌లోని బస్తీలో పుట్టిన ఒబైద్ సిద్దీఖీ. ఈగల్లో వాసన, రుచి ఏ జన్యువుల వల్ల తెలుస్తాయో ఆయన, ఆయన శిష్యులు దశాబ్దాలపాటు పరిశీలించారు. మన పిల్లలు ఆశపడే చోట్లు ఇవి.

ఇక సైటేషన్ సంగతి. ఇల్లు కొనేటప్పుడు మనం లింకు దస్తావేజులు అడుగుతాం కదా. ఈ స్థలం ఫలానావారి దగ్గర కొన్నారు, వారికి అంతకుముందు ఫలానావారు రాసిచ్చారు అని వెనక్కి వెనక్కి పోతాం. పరిశోధనా పత్రం కూడా అలాంటిదే. నేను ఈ పద్ధతి ఫలానావారి నుంచి తీసుకున్నాను, ఈ సంగతి ఫలానావారు ముందే తేల్చారు అని పత్రం చివర జాబితా ఇవ్వాలి. ఆ జాబితాలో ఒకరి పేరు ఒకసారి కనిపిస్తే వారికి ఒక సైటేషన్. అంతే. అది మెచ్చుకోలు కావచ్చు, ఖండన కావచ్చు, కేవలం వాడుకున్నామని చెప్పడం కావచ్చు. లెక్కలో మూడూ ఒకటే.

ఈ లింకులన్నీ ఒకచోట చేర్చాలన్న ఆలోచన అమెరికాలోని యూజీన్ గార్‌ఫీల్డ్‌ది. 1955లో ప్రతిపాదించి, 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌గా వెలువరించాడు. పరిశోధకుడికి కావలసిన పాత పత్రాలు వెతికిపెట్టడమే ఆయన ప్రధాన ఉద్దేశం. మనుషులను తూచే తక్కెడగా అది తర్వాత మారింది. ఇప్పుడు వెబ్ ఆఫ్ సైన్స్, స్కోపస్, గూగుల్ స్కాలర్ అని మూడు పెద్ద లెక్కలున్నాయి. ఒకే మనిషికి మూడూ మూడు అంకెలు చూపిస్తాయి. గూగుల్ స్కాలర్ అంకె సాధారణంగా అన్నిటికన్నా పెద్దది, ఎందుకంటే అది సిద్ధాంత వ్యాసాలను, ఇంకా ప్రచురణ కాని పత్రాలను కూడా లెక్కలో వేస్తుంది. కాబట్టి దరఖాస్తులో ‘సైటేషన్లు 61’ అని ఉంటే మొదట అడగవలసింది, ఎక్కడి లెక్క అని.

ఈ అంకెలు ఏం చెబుతాయో, ఏం చెప్పలేవో తెలియాలంటే మన తెలుగువారిలోనే ఒక గొప్ప ఉదాహరణ ఉంది. యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. రాజమండ్రిలో, తర్వాత మద్రాసులో చదివారు. మద్రాసు వైద్య కళాశాలలో ఉండగా ఖద్దరు కట్టినందుకు తెల్ల ప్రొఫెసరు ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్ బదులు అంతకన్నా తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టా మాత్రమే పొందారు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన అన్నదమ్ములిద్దరిని తీసుకుపోయింది. అమెరికా వెళ్లి చదవాలన్నది కోరిక, చేతిలో డబ్బు లేదు.

దాతలు గమనించవలసిన చోటు ఇది. ఆయన ఓడ ఎక్కడానికి మామగారు కొంత సొమ్ము కూడబెట్టి ఇచ్చారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామని మాట ఇచ్చింది. రంగూన్‌లో వ్యాపారం చేసి సంపాదించిన ఒక మనిషి విడిచివెళ్లిన సొమ్ము అది. అప్పటికి సుబ్బారావు గారి పేరు మీద చెప్పుకోదగ్గ పరిశోధన లేదు. సైటేషన్ సున్నా. పైగా చేతిలో ఉన్నది ఒక మెట్టు తగ్గించి ఇచ్చిన పట్టా. ఈనాటి దరఖాస్తు ఫారాల్లో ఆయన వివరాలు నింపితే మొదటి వడపోతలోనే పక్కకు పోయేవారేమో.

బోస్టన్ చేరాక హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యం చదువుతూ, పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట పనివాడిగా చేశారు. తర్వాత సైరస్ ఫిస్కె అనే జీవరసాయన శాస్త్రవేత్త దగ్గర చేరారు. 1925 డిసెంబరులో ఇద్దరి పేర్లతో జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీలో ఒక పత్రం వచ్చింది. రక్తంలో, మూత్రంలో, కండరంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతి అది. చెప్పుకుంటే సులువే. కణజాలాన్ని రుబ్బి, అందులోని ప్రోటీన్లను ఆమ్లంతో విరిచి, వడగడితే తేటనీరు మిగులుతుంది. అందులో మాలిబ్డేట్ కలిపితే భాస్వరం దానితో జతకడుతుంది. ఆ జంటను మరో రసాయనంతో తాకిస్తే నీలిరంగు పుడుతుంది. బట్టలకు పెట్టే నీలిమందు ఎక్కువైతే రంగు ముదిరినట్టు, భాస్వరం ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన. తెలిసిన కొలత ఉన్న ద్రావణం రంగుతో పోల్చి చూస్తే లెక్క వచ్చేస్తుంది.

ఇందులో ఏ గొప్ప సిద్ధాంతమూ లేదు. కానీ కణంలో జరిగే పనుల్లో సగం భాస్వరం చేతులు మారడమే. కణపు పొరల్లో భాస్వరం, జన్యుపదార్థంలో భాస్వరం, శక్తి నిలవలో భాస్వరం. అందుకని ఆ తర్వాత అరవై డెబ్బై ఏళ్లు ఏ దేశంలో ఏ ప్రయోగశాల కణాన్ని తెరిచి చూసినా ఫిస్కె–సుబ్బారావు పద్ధతి కావలసి వచ్చింది. వాడుకున్న ప్రతివారూ ఆ పేర్లు రాశారు. వేలకు వేల సైటేషన్లు. గార్‌ఫీల్డ్ తన సూచికలో అత్యధికంగా ఉదహరించిన పత్రాలు ఏవని వెతికిన ప్రతిసారీ, 1925 నాటి ఈ పత్రం పైవరుసల్లో తేలేది. ఇప్పటికీ మన డిగ్రీ కాలేజీల్లో జీవరసాయన ప్రాక్టికల్స్ చేసే పిల్లలకు ఆ పేరు తెలుసు. అందులో రెండో పేరు భీమవరం మనిషిదని మాత్రం చాలామందికి తెలియదు.

ఆ పద్ధతి వాడుతుండగానే ఒక వింత కనిపించింది. కండరపు తేటనీటిలో నీలిరంగు వెంటనే రాకుండా నెమ్మదిగా ముదిరేది. చేతకాని పని అని పారబోసి ఉండవచ్చు. వాళ్లు పారబోయలేదు. కండరంలో భాస్వరం ఏదో పదార్థంతో వదులుగా కట్టుబడి ఉందని, ఆమ్లం తగిలినప్పుడు కొద్దికొద్దిగా విడిపోతోందని అర్థం చేసుకున్నారు. 1927లో దాన్ని ఫాస్ఫోక్రియాటిన్‌గా తేల్చారు. 1929లో ఏటీపీని వేరుచేసి చూపించారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నాడు. ఏటీపీ అంటే కణం ఖర్చుపెట్టే రొక్కం. మనం అడుగు వేసినా, గుండె కొట్టుకున్నా, ఈ పేజీ మీద కన్ను కదిలినా చెల్లింపు దానితోనే. కండరం కదలిక మొత్తానికి లాక్టిక్ ఆమ్లమే మూలమని నోబెల్ బహుమతి పొందినవారు సైతం చెబుతుండిన రోజుల్లో ఇది వచ్చింది.

ఏటీపీని కనుగొన్నది నిజంగా పెద్ద ఆవిష్కరణ. భాస్వరం కొలత ఒక పనిముట్టు. అయినా సైటేషన్లు పనిముట్టుకే ఎక్కువ. ఏటీపీ గురించి రాసే ఏ శాస్త్రవేత్తా ఇవాళ 1929 పత్రాన్ని ఉదహరించడు. అది పాఠ్యపుస్తకంలో ఇంకిపోయింది. ఉప్పు వాడే వంటమనిషి ఉప్పు ఎవరు కనుగొన్నారో చెప్పడు కదా. 2014లో నేచర్ పత్రిక అత్యధిక సైటేషన్లున్న నూరు పత్రాల జాబితా వేస్తే, మొదటి స్థానం ప్రోటీన్‌ను కొలిచే లౌరీ పద్ధతికి వచ్చింది. 1951 నాటి ఆ పత్రానికి మూడు లక్షలకు పైగా సైటేషన్లు. డీఎన్ఏ మెలికను చూపిన 1953 నాటి వాట్సన్, క్రిక్‌ల పత్రం ఆ నూటిలో లేనే లేదు! కొలబద్ద చేసినవాడి పేరు ఎక్కువమంది తలుస్తారు, కొలిచి కనుగొన్నదాన్ని అందరూ సొంతం చేసుకుంటారు.

హార్వర్డ్ సుబ్బారావు గారికి స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. ఫిస్కె దగ్గర ఆయన చేసిన పనిలో కొంత వెలుగు చూడలేదని, దాన్ని ఇతరులు మళ్లీ కనుగొనవలసి వచ్చిందని, ఆ రోజుల్లో అక్కడే చదివి తర్వాత నోబెల్ పొందిన జార్జ్ హిచింగ్స్ చెప్పారు. 1940లో సుబ్బారావు గారు న్యూయార్క్ దగ్గరి లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్లారు. అక్కడ ఆయన కింద పనిచేసిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అన్నదమ్ములను తీసుకుపోయిన స్ప్రూకు అది మందు. దాని వివరాలు ప్రకటించిన పత్రంలో పదిహేనుమందికి పైగా రచయితలు, ఆ వరుస మధ్యలో ఎక్కడో సుబ్బారావు గారి పేరు. బోదకాలుకు వాడే డైఇథైల్‌కార్బమజైన్ ఆ ప్రయోగశాలలోనే వచ్చింది. ఏటా మన ఊళ్లలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మింగించిన మాత్ర అదే. ఫోలిక్ ఆమ్లానికి ఎదురు పనిచేసే మందులను ఆయన బృందం తయారుచేసి ఇస్తే, 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ వాటిని రక్త క్యాన్సర్ పిల్లలకు ఇచ్చి, జబ్బు కొంతకాలమైనా తగ్గుముఖం పడుతుందని మొదటిసారి చూపించాడు. ఆ పత్రం ఫార్బర్ పేరుతో ప్రసిద్ధం. అదే ఏడు ఆగస్టులో సుబ్బారావు గారు నిద్రలోనే కన్నుమూశారు. 53 ఏళ్లు.

ఈయన సైటేషన్ రికార్డు మాత్రమే చూసినవారికి భాస్వరం కొలిచే నిపుణుడు కనిపిస్తాడు. ఫోలిక్ ఆమ్లం కనిపించదు, బోదకాలు మాత్ర కనిపించదు.

హెచ్-ఇండెక్స్ ఇంకా కొత్తది. 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త చేసిన లెక్క. ఒకరికి ఆరు పత్రాలున్నాయనుకోండి. వాటికి వరుసగా 40, 12, 9, 5, 4, 1 సైటేషన్లు. నాలుగో పత్రానికి కనీసం నాలుగు ఉన్నాయి, అయిదో పత్రానికి అయిదు లేవు. కాబట్టి హెచ్-ఇండెక్స్ 4. ఇందులో చిక్కేమిటంటే, జీవితంలో రెండే పత్రాలు రాసి ఒక్కొక్కదానికి అయిదు వేల సైటేషన్లు పొందినవాడికి హెచ్-ఇండెక్స్ 2. పది సాదాసీదా పత్రాలు రాసి ఒక్కొక్కదానికి పది పొందినవాడికి 10. పైగా ఈ అంకె వయసుతో పెరుగుతుందే తప్ప తగ్గదు. ఇరవై అయిదేళ్ల అమ్మాయిని యాభై అయిదేళ్ల ప్రొఫెసరుతో పోల్చడానికి అది పనికిరాదు. ఒక రంగాన్ని మరో రంగంతో పోల్చడానికి అసలే పనికిరాదు. వైద్యంలో, కణశాస్త్రంలో పత్రానికి చాలా ఉదాహరణలు ఇవ్వడం మామూలు. గణితంలో సాధారణంగా అంతకన్నా తక్కువ. మన దరఖాస్తుదారుల్లో గణితం పిల్లవాడికి 6, బయోటెక్నాలజీ పిల్లవాడికి 60 ఉన్నాయంటే రెండోవాడు పదింతలు గొప్పవాడని కాదు.

సైటేషన్ల గురించి చెబుతూ మన మదనపల్లెను వదిలేస్తే అన్యాయం. ఆరోగ్యవరం శానటోరియం పేరు ఈ ప్రాంతంలో తెలియనివారు లేరు. మందుల్లేని రోజుల్లో క్షయ రోగులు ఎక్కడెక్కడినుంచో గాలి మార్పుకు అక్కడికి వచ్చేవారు. అది ఆసుపత్రి మాత్రమే కాదు, పరిశోధనా కేంద్రం కూడా. డెన్మార్క్ నుంచి వచ్చిన క్రిస్టియన్ ఫ్రిమోట్-మొల్లర్ తొలి రోజుల్లో దాన్ని నడిపారు. తర్వాత జోహన్నెస్ ఫ్రిమోట్-మొల్లర్ చుట్టుపక్కల పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి క్షయను లెక్కగట్టే పని పెట్టుకున్నారు. 1948లో మన దేశంలో బీసీజీ టీకా పని మొదలైన తొలి చోట్లలో మదనపల్లె ఒకటి. 1950–55 నాటి గ్రామ సర్వే వివరాలు 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వచ్చాయి. టీకా ఫలితాల నివేదిక 1973లో వచ్చింది.

ఆ నివేదికలోని నాలుగు అంకెలు చూడండి. టీకా వేసినవారు 5,069 మంది, వారిలో క్షయ వచ్చినవారు 33. వేయనివారు 5,808 మంది, వారిలో వచ్చినవారు 47. వెయ్యికి ఆరున్నర ఒకవైపు, ఎనిమిది ఒకవైపు. తేడా ఉంది గానీ, అది టీకా వల్లే అని గట్టిగా చెప్పేంత లేదు. బ్రిటన్‌లో జరిగిన ఇలాంటి ప్రయోగంలో టీకా చాలా బాగా కాపాడింది. తర్వాత చెంగల్పట్టులో లక్షకు పైగా జనం మీద చేసిన ప్రయోగంలో పెద్దల ఊపిరితిత్తుల క్షయ నుంచి రక్షణే కనబడలేదు. (చంటిపిల్లలకు బీసీజీ మానకండి. మెదడుకు పాకే క్షయ నుంచి అది పిల్లలను కాపాడుతుందన్నది వేరే అధ్యయనాల్లో తేలిన సంగతి.) 1990ల్లో అమెరికన్ పరిశోధకులు ఈ ప్రయోగాలన్నిటినీ ఒకచోట చేర్చి చూస్తే, భూమధ్యరేఖకు దూరం పోయేకొద్దీ టీకా ఎక్కువ పనిచేస్తోందని తేలింది. ఆ పట్టికలో 13 అక్షాంశం దగ్గర ఉన్న వరుసల్లో ఒకటి మన మదనపల్లెది. ఆ పట్టిక ఎంత ప్రసిద్ధమైందంటే, వేర్వేరు అధ్యయనాల ఫలితాలను కలిపి లెక్కగట్టడం నేర్పేటప్పుడు గణాంకశాస్త్ర ఉపాధ్యాయులు ఇవాళ్టికీ దాన్నే ఇస్తారు. ఏ దేశంలోనో కంప్యూటర్ ముందు కూర్చున్న విద్యార్థి 33, 47 అని కొడుతున్నాడంటే, ఆరోగ్యవరం చుట్టుపక్కల పల్లెజనాన్ని లెక్కలో వేస్తున్నాడన్నమాట. ఊరి పేరు అతనికి తెలియకపోవచ్చు.

ఆ ప్రయోగం ‘విజయం’ కాదు. టీకా బ్రహ్మాండంగా పనిచేసిందని అది చెప్పలేదు. అయినా అర్ధశతాబ్దంగా ఉదహరిస్తూనే ఉన్నారు, ఎందుకంటే లెక్క నిజాయితీగా రాసిపెట్టారు. నాకు మాత్రం ఈ ప్రాంతం నుంచి వెళ్లే ప్రతి జీవశాస్త్ర విద్యార్థికీ ఈ కథ చెప్పాలనిపిస్తుంది.

అంకెలకు విలువ పెరిగినప్పుడు దొంగ అంకెలు కూడా పుడతాయి. డబ్బు కడితే వారంలో అచ్చువేస్తామనే పత్రికలు వచ్చాయి. పేరు ‘అంతర్జాతీయ’ అనే మాటతో మొదలవుతుంది, పరిశీలన ఉండదు. రాసిపెట్టిన పత్రంలో రచయిత స్థానం అమ్మే దుకాణాలూ ఉన్నాయి. ఒకరినొకరు ఉదహరించుకునే ముఠాలు ఉన్నాయి. డాక్టరేట్‌కు సిద్ధాంత వ్యాసం ఇచ్చేముందు పత్రం అచ్చయి తీరాలన్న నియమం ఈ బజారును పెంచింది. యూజీసీ 2022 నిబంధనల్లో ఆ నియమాన్ని తీసివేసింది. ఏటా ‘ప్రపంచంలో మొదటి 2 శాతం శాస్త్రవేత్తల్లో మనవారు’ అని జిల్లా పేజీల్లో వచ్చే వార్తలు కూడా సైటేషన్ల మీద వేసిన ఒక లెక్కే, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఇచ్చే పురస్కారం కాదు.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అయితే పత్రికకు చెందిన అంకె, మనిషికి చెందినది కాదు. ఆ పత్రిక గత రెండేళ్లలో వేసిన వ్యాసాలకు సగటున ఎన్ని సైటేషన్లు వచ్చాయన్నదే అది. పేరున్న బడిలో చదివిన ప్రతి పిల్లవాడూ ఫస్టు ర్యాంకు కానట్టే, పెద్ద పత్రికలో వచ్చిన ప్రతి పత్రమూ గొప్పది కాదు. ఈ అంకెతో మనుషులను తూచవద్దని గట్టిగా చెప్పినవారిలో జీవకణ శాస్త్రవేత్తలు ఉన్నారు. 2012 డిసెంబరులో శాన్ ఫ్రాన్సిస్కోలో అమెరికన్ జీవకణ శాస్త్ర సంఘం సమావేశంలో పుట్టిన ఆ ప్రకటన మీద తర్వాత ప్రపంచమంతటా వేలాది సంస్థలు, వ్యక్తులు సంతకాలు చేశారు.

మనవారికి ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఒకటుంది. అది పేరు. మన పిల్లల్లో ఎందరో షేక్‌లు, సయ్యద్‌లు, పఠాన్‌లు, మహమ్మద్‌లు. షేక్ అన్నదాన్నే ఇంగ్లీషులో మూడు నాలుగు రకాలుగా రాస్తారు. మహమ్మద్‌కు అంతకన్నా ఎక్కువ. పదో తరగతి సర్టిఫికెట్లో ఒకటి, ఆధార్‌లో ఒకటి, మొదటి పత్రంలో ఎస్. బాషా, రెండో పత్రంలో బాషా షేక్. సైటేషన్ లెక్కగట్టే యంత్రానికి ఇంటిపేరు ఏదో, పిలిచే పేరు ఏదో తెలియదు. ఒకే మనిషి ముగ్గురవుతాడు, లేదా ముగ్గురు బాషాలు ఒకరైపోయి ఎవరో చేసిన పని మనవాడి ఖాతాలో పడుతుంది. పెళ్లయ్యాక పేరు మార్చుకున్న ఆడపిల్లల సంగతి మరీ కష్టం. దీనికి విరుగుడు ఉంది. ఆర్కిడ్ అనే 16 అంకెల సంఖ్య పరిశోధకులకు ఉచితంగా ఇస్తారు. ఎంఎస్సీలో ఉండగానే దాన్ని తీసుకుని, ఒకే అక్షరక్రమం జీవితాంతం వాడితే సగం తలనొప్పి పోతుంది. మనం సాయం ఇచ్చే ప్రతి పరిశోధక విద్యార్థికీ ఇది మొదటి షరతుగా పెట్టవచ్చు. పైసా ఖర్చు లేదు.

డబ్బు సంగతి కూడా సూటిగా చెప్పుకోవాలి. నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ వచ్చినవారికి 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు. రానివారికి, కేంద్ర విశ్వవిద్యాలయంలో సీటుంటే 8,000. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఉంటే చాలాచోట్ల అదీ లేదు. మైనారిటీ పరిశోధక విద్యార్థుల కోసం 2009లో మొదలైన మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022–23 నుంచి కేంద్రం నిలిపివేసింది. ఇతర పథకాలతో అది కలగలుస్తోందన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. కారణం ఏదైనా, ఆ ఖాళీ ఇప్పుడు సంఘాల గుమ్మం ముందుకు వచ్చింది. ఈ మార్గంలో మనిషి నిలదొక్కుకోవడానికి డాక్టరేట్‌కు అయిదారేళ్లు, ఆ తర్వాత మరో మూడు నాలుగేళ్లు పడుతుంది. మొదటి పత్రం రావడానికే రెండు మూడేళ్లు, దానికి సైటేషన్లు రావడానికి ఇంకో రెండేళ్లు. సాయం అవసరమయ్యేది అంకెలు లేని ఆ మొదటి సంవత్సరాల్లోనే. అంకెలు వచ్చేసరికి వారికి మన అవసరం తీరిపోతుంది.

మరి దేన్ని చూడాలి? నా లెక్కలో, దరఖాస్తుతోపాటు ఒక పేజీ తెలుగులో రాసి ఇమ్మనాలి. ఏ కణం మీద పని, ఏ ప్రశ్న, ఇంతవరకు ఏం తెలిసింది, ఏం తప్పిపోయింది. తాను చేసిన పనైతే ఇంట్లో నానమ్మకు చెప్పినట్టు చెప్పగలరు. కొనుక్కున్న పత్రమైతే రెండు వాక్యాలకు మించి నడవదు. పత్రాలుంటే అందులో వారి పేరు ఎక్కడుందో చూడాలి. జీవశాస్త్రంలో మొదటి పేరు సాధారణంగా చేతులతో పనిచేసినవారిది, చివరి పేరు ప్రయోగశాల పెద్దది. మధ్యలో ఉంటే తప్పు లేదు, ఏ భాగం చేశావని అడిగితే సరి. మార్గదర్శి ఎవరు, వారి దగ్గర అంతకుముందు చదివినవారు ఇప్పుడు ఎక్కడున్నారు అన్నది ఏ హెచ్-ఇండెక్స్ కన్నా మంచి సమాచారం. ఆ సంగతి ఫోన్లో అయిదు నిమిషాల్లో తెలుస్తుంది.

ఇంకొకటి. ఫెలోషిప్ మంజూరైనవారికి కూడా మొదటి చెల్లింపు చేతికి రావడానికి నెలలు పట్టడం మామూలే. ఆ నెలల్లో హాస్టల్ అడ్వాన్సు, మెస్ బిల్లు, పుస్తకాలు ఎవరు కడతారు? కొందరు పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, సీటు వచ్చి కూడా ఇంటికి తిరిగివచ్చేది అక్కడే. వారికి దానం ఇవ్వనక్కరలేదు. ఆరు నెలల ఖర్చు కర్జె హసనాగా ఇచ్చి, ఫెలోషిప్ బకాయి ఒక్కసారిగా వచ్చినప్పుడు తిరిగి తీసుకుంటే, అదే సొమ్ము మరుసటి ఏడు పుంగనూరు నుంచో కుప్పం నుంచో బయలుదేరే ఇంకొకరికి పనికివస్తుంది.